సత్తమ్మకు నంబరు లేదు

నల్లగొండ
1349 ఫసలీ, దసరా వెళ్లిన నాలుగో రోజు

మామ గుర్వయ్య గారి పాదాలకు మేనల్లుడు ఐలేశం దండాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ నాకు బాగానే ఉంది. అక్కడ మీరు, సత్తమ్మత్త, ఇంటిల్లిపాదీ, మందలో గొర్లూ అందరూ బాగున్నారనుకుంటాను.

పానగల్ బాట మీద కట్టిన కొత్త దవాఖానలో సామాన్ల కొట్టు చూసే నౌకరిలో చేరి ఆరు నెలలైంది కదా. ఇక్కడి సంగతి చెబితే మీరు నమ్మరు. మొదట్లో ఒక్కో మంచం మీద రోగి ఒకడు, వాడి చుట్టాలు ఐదుగురు ఉండేవారు. జ్వరం మందు కాలు విరిగినవాడు తాగేవాడు. కాలికి కట్టాల్సిన కట్టు జ్వరంవాడికి కట్టేవారు. అప్పుడు కొత్త డాక్టరు దొరసాని వచ్చింది. ఒక్క కొత్త మందు తేలేదు, ఒక్క కొత్త మనిషిని పెట్టలేదు. మంచాలకు నంబర్లు వేయించింది. ప్రతి మంచం కాళ్ల దగ్గర ఒక పలక కట్టించింది. ప్రతి నౌకరుకూ ఒక నంబరు, ఒకటే పని. చుట్టాలు సాయంత్రం నాలుగింటికి వచ్చి ఐదింటికి పోవాలి. అంతే! మోసుకొచ్చిన రోగులు నడిచి పోతున్నారు. అవే మందులు, అవే మంచాలు, ఆ మనుషులే. అంతా అమరికలోనే ఉంది మామా.

ఇక అసలు పని. చలికాలానికి రోగులకు మెత్తటి కంబళ్లు ఎక్కడ దొరుకుతాయని దొరసాని అడిగింది. నేను ముందూ వెనకా చూడకుండా, మా మామ ఇంట్లో నేసిన గొంగడి కప్పుకుంటే తల్లి ఒళ్లో పడుకున్నట్టే ఉంటుందని చెప్పేశాను. ముక్కోటి ఏకాదశిలోగా ఇరవై తెప్పిస్తానని మాటిచ్చాను. అవి వస్తే నా నౌకరి పక్కా చేస్తుందట. రాకపోతే కొట్టు తాళాలు ఇచ్చి ఊరికి పొమ్మంది. నా బతుకు మీ మగ్గం మీదే ఉంది.

మీ ఐలేశం

తా.క.: నా నంబరు పద్నాలుగు. నౌకరి నంబరే, మంచం నంబరు కాదు. అత్తకు ఈ ముక్క విడమరిచి చెప్పండి, లేకుంటే నాకేదో అయిందని ఏడుస్తుంది.

~

మందలగూడెం, రామన్నపేట పక్కన
దీపావళి ముందటి శుక్రవారం

అల్లుడు ఐలేశంను సల్లగ ఉండుమని దీవిచ్చి గుర్వయ్య మామ రాయించేది. రాసేటోడు బడిపంతులు ఇస్రాయేలు. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్న, పుస్తకాల మాటలు కలపద్దన్న.

నీ జాబు సదివిచ్చుకున్న. నీ దొరసాని తెలివి నాకు మస్తు నచ్చింది. మూడు వందల గొర్లను ఒక్క ఈలతోని తిప్పేటోన్ని, ఇంట్ల తొమ్మిది మందిని తిప్పలేక సస్తున్న. ఎందుకో ఇన్నాళ్లకు తెలిసింది, ఇంట్ల అమరిక లేదు. అందుకే దవాఖాన తీరు ఇంట్ల పెట్టిన. అందరికి నంబర్లేసిన. నేను ఒకటి. రెండో నంబరు నాకంటే నాకని పెద్దోడు నర్సింహ, చిన్నోడు కిష్టయ్య కొట్లాడిండ్రు. ఇద్దరికీ ఇయ్యకుంట పెద్ద పొట్టేలుకిచ్చిన.

ఎవరి పని వాళ్ల పలక మీద రాయించిన. ఉన్ని కత్తిరిచ్చుడు కిష్టయ్యది, వడుకుడు పెద్దకోడలు భద్రమ్మది, దారం గంపలు మగ్గం కాడికి మోసుడు చిన్నకోడలు సాలమ్మది, నేసుడు నర్సింహది. ఇగ మీ అత్తను అడిగిన, నీ పనేందే అని. 'అన్నీ' అన్నది. అన్నీ అనేది పని కాదు, ఒకటి చెప్పు అన్న. వడుకుతవా అంటే జరంత అన్నది. నేస్తవా అంటే లేదన్నది. మరేం జేస్తవు అంటే 'చూస్తుంట' అన్నది. చూసుడు ఒక పనా? రెండు దినాలు నేను గూడ ఆమెను చూసిన. కూసుంటది, దారం వేలితోని తడుముతది, గిటు కొంత గటు కొంత పెడతది, వీనిమీద వానిమీద ఒర్రుతది. గంతే. పని లేని మనిషికి నంబరెట్లిస్త? ఇంట్ల మంచమేసి పండుకోమన్న. ఇన్నేండ్లు కష్టపడ్డది, ఇప్పుడన్న సుఖపడనీ అనుకున్న. మీ దవాఖానల మంచం మీద పండుకున్నోళ్లను ఎట్ల అరుసుకుంటరో జర రాయి.

గొంగళ్లకు ఫికర్ చెయ్యకు.

నీ మామ గుర్వయ్య

తా.క. (ఇస్రాయేలు సొంతంగా రాసేది): నాకు కూడా నంబరు ఇచ్చారు. పది. పదో నంబరు ఉత్తరాలే రాయాలట. మంచినీళ్లు అడిగితే, నీళ్ల నంబరు గొర్రెల వెంట పోయింది, వచ్చేదాకా ఆగమన్నారు. ఇప్పుడు కూడా ఆగుతూనే ఉన్నాను.

~

నల్లగొండ
దీపావళి మరునాడు

మామ గారికి ఐలేశం దండాలు.

మీ ఉత్తరం చదివి నా గుండె జారిపోయింది. అత్త మంచం పట్టిందని ఒక్కసారిగా చెబితే నేను తట్టుకోలేనని, నంబర్లూ పొట్టేలూ అంటూ నవ్వించి చివర్న చెప్పారు. మీ మనసు నాకు తెలియదా? ఏం అడిగినా 'చూస్తుంట' అని ఒకటే మాట అంటున్నదంటే జ్వరం తలకెక్కినట్టుంది. దారం తడమడం, ఊరికే ఒర్రడం కూడా మంచి లక్షణాలు కావు.

పరుగెత్తి పోయి దొరసానికి చెప్పాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క ముక్క తప్పొద్దు. రెండు పూటలా ఉప్పు తక్కువ వేసిన జావ తప్ప ఏమీ పెట్టొద్దు. దారం, ఉన్ని కంటికి కనబడనీయొద్దు. ఎక్కువ మాట్లాడనీయొద్దు. కొడుకులైనా కోడళ్లైనా నాలుగింటి నుంచి ఐదింటి దాకే చూడాలి. లేస్తానంటే పడుకోబెట్టాలి. నాకు రోగం లేదని ఆమె ఎంత మొత్తుకున్నా వినొద్దు, ఇక్కడి రోగులందరూ అదే మాట అంటారు.

మీ ఐలేశం

తా.క.: అత్తను పోగొట్టుకుంటే నాకు ఈ లోకంలో మా నాన్న వైపు మనిషి మిగలదు. గొంగళ్ల సంగతి కూడా మరిచిపోకండి.

~

మందలగూడెం
కార్తీక పున్నమి వెళ్లిన నాలుగో రోజు

అల్లుడు ఐలేశంకు గుర్వయ్య మామ దీవెనలు.

నువ్వు రాసినట్టే చేసిన. మొదటి దినం జావ ఇస్తే తాగింది. రెండో దినం జావ గిన్నె నా నంబరు పలకకు తాకింది. 'నాకేం రోగమొచ్చిందయ్యా?' అని ఒకటే లొల్లి. రోగం లేదనుడే పెద్ద రోగమని మన అల్లుడు రాసిండు అన్న. గప్పుడు నిన్ను ఏం తిట్టిందో పంతులు రాయనంటాండు, సువార్త పట్టే చెయ్యి అంటాండు. మూడో దినం నాలుగు గొట్టంగ అందరం సూసెటందుకు పోతే మంచం ఉన్నది, మనిషి లేదు. రామన్నపేటకు నడిచిపోయి మోటరెక్కిందని ఊరోళ్లు చెప్పిండ్రు. నీ కాడికే వచ్చి ఉంటది. మీ నాయిన పోయినంక ఆమెకు పుట్టిల్లంటే నువ్వే గద.

ఇంట్ల పని మాత్రం అమరికగ నడుస్తాంది. మొదట్ల మగ్గం మీద నిలువుగ కట్టే పడుగు దారం ఊకె తెగింది. నర్సింహ దాన్ని చింతగింజల గంజిల ఒక్కసారికి బదులు మూడుసార్లు ముంచి నేసిండు. ఇరవై గొంగళ్లు అయినయి, రేపు బండి మీద పంపుతున్న. నీ దొరసానికి మా ఇంటి అమరిక గురించి చెప్పు, సంతోషపడుతది.

నీ మామ గుర్వయ్య

తా.క.: సాలమ్మ నిన్నటి సంది ఒక్కతే ఏడుస్తాంది. ఎందుకో ఎవలకు తెల్వది. ఏడుపు చూసే నంబరు మేం పెట్టుకోలే.

~

నల్లగొండ
మార్గశిరం మొదటి వారం

మామ గారికి ఐలేశం దండాలు.

అత్త ఇక్కడే ఉంది. జ్వరం లేదు, ఏమీ లేదు. నా క్వార్టరుకు రాగానే నా చెవి మెలిపెట్టి, 'ఉప్పు లేని జావ తాపిచ్చినవు గదరా నాకు!' అన్నది. ఇప్పటికీ ఆ చెవి ఎర్రగానే ఉంది.

మీ గొంగళ్లు అందాయి. బండి మీంచి దించుతుంటే ఒకటి చేతిలోంచి జారింది. కింద పడలేదు మామా, నిలబడింది. ఒక్కదాన్ని మొదటి మంచం రోగికి కప్పి చూశాం. వాడు ఊడిన తలుపు కింద ఇరుక్కున్నట్టు కళ్లు తేలేశాడు. రెండో మంచం వాడు, నాకు చలే నయం బాంచెన్ అని దండం పెట్టాడు. దొరసాని వచ్చి గొంగడి మీద వేలితో కొట్టింది. టకటకమంది. 'ఐలేశం, ముక్కోటికి ఇంకా పది రోజులుంది' అని మాత్రం అని వెళ్లిపోయింది.

అత్త ఆ గొంగడిని ఒక్కసారి తడిమింది. 'బిగిగ వడికిన దారం పడుగుకెయ్యాలె, వదులుది అడ్డం పోయే పేకకెయ్యాలె. వీళ్లు ఏది ముందొస్తే గది ఏసిండ్రు. వదులు దారం పడుగుల తెగకేమైతది? తెగుతుంటే గంజిల ముంచిండ్రు, మూడుసార్లు ముంచిండ్రు' అన్నది. అక్కడ లేకుండానే అంతా చూసినట్టు చెప్పింది. అదే ఉన్ని, అవే చేతులు, అదే మగ్గం. మధ్యలో కూర్చుని ఏ దారం ఎటు పోవాలో వేలితో చూసే మనిషి లేదు, అంతే తేడా. మీకు అమరిక గురించి రాసిన వెధవను నేనే కనుక మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు.

ఇంటికి పోదాం పద అత్తా, మళ్లీ నేయిద్దాం అన్నాను. 'నా పనేందో ఆ మనిషిని రాసి పంపుమను, అప్పుడు ఆలోచిస్త' అన్నది. కదలడం లేదు. దయచేసి రాయండి.

మీ ఐలేశం

తా.క.: ఆమె ఊరికే ఉండటం లేదు. నిన్న ఏడో మంచానికీ తొమ్మిదో మంచానికీ నడుస్తున్న తగాదా తీర్చింది. పద్నాలుగో నంబరు నౌకరును గోళ్లు తీసుకోమని అందరి ముందే అన్నది.

~

మందలగూడెం
ముక్కోటి ఇంక వారం ఉందనంగ

అల్లుడు ఐలేశంకు, మీ అత్తకు సదివి వినిపిచ్చుమని గుర్వయ్య రాయించేది.

పలకలన్నీ పొయ్యిల పెట్టిన. ఆమె పనేందో నాకు తెల్వదు గనక ఇంట్ల ఒక్కొక్కల్ని అడిగిన. అడుగుతుంటె అడుగుతుంటె పంతులుకు రెండు కాయితాలు నిండినయి. దారం వేలితోని చూసి పడుగుది పడుగుకు, పేకది పేకకు పెట్టుడు. నర్సింహ, కిష్టయ్య కొట్లాడక ముందే ఒకన్ని గొర్ల కాడికి, ఒకన్ని బావికాడికి తోలుడు. పిల్లకు పాలియ్యని గొర్రెను గుర్తుపట్టుడు. సాలమ్మకు పుట్టింటి మీద బెంగైతే తల దువ్వుడు. భద్రమ్మ అలసిపోతే, ఆమె అడగక ముందే చేతిలకెల్లి కదురు తీసుకునుడు. ఎవరు తిన్నరు, ఎవరు తిన్నమని అబద్ధం చెప్పిండ్రు తెలుసుకునుడు. నేను కోపంల ఒర్రినంక, నేను అసలేం చెప్పదలుచుకున్ననో మిగతోళ్లకు చెప్పుడు. ఇది నాకు ఇయ్యాల్నే తెలిసింది. మొత్తం నలభై మూడు అయినయి. ఇంక ఉన్నయంటున్నరు గని కాయితం లేదు.

నాది తప్పే. ఐలేశం నౌకరి పోతె గది గూడ నా మెడకే. రమ్మను.

గుర్వయ్య

తా.క. (ఇస్రాయేలు): గుర్వయ్య గారు ఒక వాక్యం చెప్పి, వెంటనే సిగ్గుపడి కొట్టేయమన్నారు. 'ఆమె లేక నాకు ముద్ద దిగుతలేదు' అన్న వాక్యం. చెప్పింది చెప్పినట్టే రాయాలని మొదటి రోజే నాకు హుకుం ఉంది కనుక కొట్టేయలేదు.

~

నల్లగొండ
ముక్కోటికి రెండు దినాల ముందు

నర్సింహ నాయినకు సత్తమ్మ చెప్పి రాయించేది. రాసేటోడు ఐలేశం. రాసుకుంట ముక్కు చీదుతాండు, కాయితం మీద మరకలుంటే నావి కావు.

మొదలు గొంగళ్ల సంగతి. కప్పుకోను పనికిరాకపోతే నిలబెట్టను పనికొస్తయి గద అని దొరసానితోని అన్న. దగ్గేటోళ్లకు, దగ్గు లేనోళ్లకు నడుమ వరసగ నిలబెట్టిచ్చిన, తడికెలు కట్టినట్టు. పక్కోని దగ్గు మీద పడకుంట పిల్లలు, ముసలోళ్లు హాయిగ పండుకుంటాండ్రు. దొరసాని సూసి చప్పట్లు కొట్టింది. ఐలేశం నౌకరి పక్కా చేసి కాయితమిచ్చింది. కప్పుకునే గొంగళ్లకు నెల దినాలు గడువు గూడ ఇచ్చింది.

నీ జాబు మూడుసార్లు సదివిచ్చుకున్న. దొరసానికి గూడ పుస్తకాల తెలుగుల సదివి వినిపిచ్చిండు ఐలేశం. నలభై మూడు పనులు వేళ్ల మీద లెక్కవెట్టి, 'నా దవాఖానలో లేని మనిషి ఈమే' అన్నదట. నాకు నౌకరిస్తనన్నది. ఏలుముద్ర ఏసిన.

గుండె పట్టుకోకు, మొత్తం విను. బేస్తారం మోటరుకు ఇంటికొస్తున్న. గొంగళ్లు ఇరవై అయ్యేదాక ఉంట. గంతల భద్రమ్మను పక్కన కూసోవెట్టుకోని వేలితోని దారం ఎట్ల చూడాల్నో నేర్పుత. అటెన్క వారంల మూడు దినాలు ఈడ, నాలుగు దినాలు ఆడ. నేను లేస్తే పడిపోయే ఇల్లు నాకొద్దు. నేను లేకున్న నిలబడాలె, నేనొస్తే సంబురపడాలె. గది నా అమరిక.

పంతులు కొట్టెయ్యని మాట నేను గూడ విన్న. నాకు గూడ ఈడ ముద్ద దిగుతలేదు. దవాఖాన కూడు బాగలేదనుకోని ఇన్నాళ్లు తప్పు ఉప్పు మీద పెట్టిన.

ఒక్కటి మాత్రం అడుగుత. నలభై మూడు పనులు రాసినవు, నీతోని కొట్లాడుడు రాయలే. ఇన్ని దినాల సంది ఆ పని ఎవరు చేస్తాండ్రు? ఎవ్వరు చెయ్యకుంటే గట్లనే ఉండనీ. బేస్తారం నేనొచ్చి చేసుకుంట.

సత్తమ్మ