పెళ్లి గుర్రం మీద కౌబాయ్

తెనాలి,
12-2-2026, గురువారం,
ఉదయం తొమ్మిదిన్నర.

చిరంజీవి కృష్ణకాంత్‌కు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నీ కొడుకు సుమంతూ కులాసా. రేపల్లెలో నీ కోపం తప్ప అందరూ కులాసాయేనని మీ మిల్లు డ్రైవరు లాజరు చెప్పాడు. సుమంత్‌ను తీసుకురమ్మని నువ్వు పంపిన కారులో వాణ్ణి పంపడం లేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే మధ్యలో అడ్డొస్తావు.

"ఖాళీ బండితో వెళితే అయ్యగారు నన్ను తినేస్తారండి, పెద్దమ్మగారూ," అని లాజరు గోల.

"ఖాళీ ఎందుకవుతుంది? ఉత్తరం ఉందిగా. కూర్చో, టిఫిన్ తిను," అన్నాను.

లాజరు తెచ్చిన నీ చీటీలో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి జవాబు, నా మోకాలు నయం.

రెండోది, చదువు మానేసి ఈ చవకబారు కౌబాయ్ సినిమా తియ్యడం ఏంటని. చదువు మానలేదు. ఇక్కణ్ణుంచే రైల్లో బాపట్ల కాలేజీకి వెళ్లొస్తున్నాడు. హాజరు ఎనభై రెండు శాతం, నేను కాగితం తెప్పించి చూశాను. వాడూ, వాడి స్నేహితులూ సూర్యలంక ఇసుకలో పది ఆదివారాలు సినిమా తీశారు. పదకొండో ఆదివారం నువ్వు వెళ్లి నలుగురి ముందూ కెమెరా లాక్కున్నావు. ఒక్క సీను మిగిలింది.

గుర్రం మస్తాన్‌ది. పెళ్లికొడుకులను ఊరేగించే గుర్రం, మూఢం కనుక ఖాళీగా దొరికింది. నేనూ ఒక ఆదివారం వెళ్లాను. తుపాకీ చప్పుడుకని టపాకాయ కాల్చగానే అది ముందు కాళ్లెత్తి డాన్సు మొదలెట్టింది.

"ఏం చెయ్యనండీ మామ్మగారూ, టపాకాయ పేలిందంటే దానికి ఊరేగింపేనండి," అన్నాడు మస్తాన్.

"అయితే మీ కౌబాయ్‌ను కూడా పెళ్లికొడుకులా కాస్త సిగ్గుపడమను," అన్నాను. పైనున్న నీ కొడుకు టోపీ తీసి నాకు దణ్ణం పెట్టాడు.

చవకే, కాదనను. పాత కౌబాయ్ సినిమాలూ అంతే. వందమంది దొంగలని చెప్పి ఆరుగురే తిరిగి తిరిగి వస్తారు. చచ్చినవాడి పొట్ట ఎగిరిపడుతుంటుంది. ఊరంటే ముందు గోడలే, వెనక కర్రలు. లెక్కల టీచర్ని, ఇవి నాకు కనపడక కాదు. అయినా ఆ ఉత్తుత్తి వీధి కోసం ఒక్కడు నడిమధ్య నిలబడితే నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఆ ఊళ్లో లేని ఇళ్లన్నీ నేనే కట్టుకుంటాను. డబ్బున్న సినిమా నాకు ఆ పని మిగల్చదు.

మూడోది, "నన్నయితే కౌబాయ్ సినిమా చూసినందుకే బెత్తంతో కొట్టావుగా, వాడికో న్యాయమా?" అని. ఇక్కడే కలం ఆగుతోంది.

1984లో, ఎనిమిదో తరగతిలో, నువ్వు నీ స్నేహితుడు సుందరయ్యతో బడి ఎగ్గొట్టి మార్నింగ్ షోకు వెళ్లావు. వాడే నాకు చెప్పాడనుకుని వాడితో మాట మానేశావు. వాడు చెప్పలేదు. అదే హాల్లో, అడ్డుగోడకు ఇవతల, ఆడవాళ్ల బెంచీ మీద నేనున్నాను. హీరో గుర్రం మీదికి దూకగానే నీ ఈల విన్నాను. తలనొప్పని సెలవు పెట్టి వచ్చినదాన్ని. నా సర్వీసులో అలాంటి దొంగ సెలవులు పధ్నాలుగు, అన్నీ కౌబాయ్ సినిమాలకే. నువ్వు నన్ను చూశావేమోనన్న భయంతో నిన్ను కొట్టాను. సినిమాలు చూసినందుకు నాకు సిగ్గు లేదు. కొట్టినందుకు ఉంది. మీ స్నేహం పోతుంటే నోరు విప్పనందుకు ఇంకా ఉంది.

కాబట్టి జరగవలసినవి:

1. కెమెరా రేపు సాయంత్రానికి తెనాలి చేరాలి. లాజరు చేతనే పంపు.

2. చివరి సీను ఎల్లుండి, రెండో శనివారం. మంగళవారంతో మూఢం పోతుంది, గుర్రం పెళ్లిళ్లకు వెళ్లిపోతుంది. వాయిదా లేదు.

3. ఏప్రిల్ పరీక్షలు సుమంత్ రాస్తాడు. రోజూ ఐదింటికి లేపి నేనే కూర్చోబెడతాను. బెత్తం లేకుండా.

4. శనివారం నువ్వూ రావాలి. దారిలో చెరుకుపల్లిలో ఆగి, ఈ ఉత్తరం సుందరయ్యకిచ్చి చదవమను. తరవాత వాణ్ణి నీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని సూర్యలంక తీసుకురా.

ఇట్లు,
నీ కొడుకును పంపని
మీ అమ్మ,
మాణిక్యాంబ