సగం ధర రాసిన చీటీలు

ఖర్వాస్తాన్, డర్బన్
9 నవంబరు 1996

సౌభాగ్యవతి వసుమతికి, నీ మొగుడు దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా పొట్ట నాకంటే క్షేమం. అక్కడ నువ్వూ, మృదులా క్షేమమని తలుస్తాను. మీ అన్నయ్య సుధీర్ ఎలాగూ క్షేమంగానే ఉంటాడు, వేరే అడగక్కర్లేదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీలుంటే మూడు పేజీలు ప్రశ్నలే. బళ్ళో పిల్లలకి పరీక్ష పేపర్లు ఇచ్చీ ఇచ్చీ ఆఖరికి మొగుడికి కూడా పేపరే పంపావు. వరసగా జవాబులు రాస్తున్నాను, దిద్దుకో. పెద్ద ప్రశ్న ఆఖర్న రాస్తాను. ముందే ఆఖరి పేజీ తిప్పకు, నీ అలవాటు నాకు తెలుసు.

తిండికి లోటు లేదు. ఇంటివాళ్ళు ఐవన్ అన్న, మేవిస్ అక్క నన్ను అద్దెకున్నవాడిలా చూడరు. వాళ్ళ ముత్తాతలు మన వైపు నుంచే చెరుకు తోటల పనికి ఓడెక్కి వచ్చారట. తరవాత్తరవాత ఏసుప్రభువు గుడిలో కలిశారు. మేవిస్ అక్క ప్రార్థన ఇంగ్లీషులో చేస్తుంది, తిట్లు తెలుగులో తిడుతుంది. దేవుడికి తెలుగు రాదనో, నాకు ఇంగ్లీషు రాదనో మరి. నేను పనినుంచి రాగానే "తమ్మీ, కూడు తినేది లేదా నువ్వు? ఎముకలు అవుపడతంది" అంటుంది. నా ఎముకలు చూడాలంటే తవ్వకాలు జరపాలి. ఆవిడకి కళ్ళజోడు మార్చాలి.

ఏనుగులు రోడ్డు మీద తిరుగుతాయా అని మృదుల అడిగిందన్నావు. ఏనుగు నాకింతవరకు కనపడలేదు. కోతులు మాత్రం వంటింటి కిటికీలోంచి బ్రెడ్డు పట్టుకుపోతాయి. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయనకి, ఇక్కడ కోతిని అదిలిస్తే పోలీసులు జరిమానా వేస్తారని చెప్పాను. పెద్ద చదువు చదివినవాడు కదా, నమ్మాడు. రెండు వారాలపాటు కోతి ఎదురైతే దారిచ్చి పక్కన నిలబడ్డాడు. ఇది మృదులకి చదివి వినిపించు. దీని తరవాతది వినిపించకు.

నీ పెద్ద ప్రశ్నకొస్తాను. "ఆ జీపులాంటి చిన్నకారు అమ్మితే కంపెనీకి లాభమా, కాదా? ఒక్క ముక్కలో రాయండి. లాభమంటే ముప్పయ్యో తారీఖున రాజీనామా ఇచ్చేస్తాను, జనవరిలో మృదులని అక్కడ బళ్ళో వేద్దాం" అని రాశావు. పదకొండేళ్ళ పర్మనెంటు ఉద్యోగం నా ఒక్క ముక్క మీద పెట్టావన్నమాట. నేను ఐటీఐ గట్టెక్కిందే రెండోసారికి. అయినా రెండేళ్ళుగా ఈ కంపెనీలో రేకులు నొక్కే అచ్చులు సవరిస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

ఆ బండి చూడ్డానికి జీపు, లోపల చిన్నకారే. కింద నేల, ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు అన్నీ మేం ఇప్పటికే చేస్తున్న చిన్నకారువే. పైతొడుగు కొత్తది. చక్రాలు పెద్దవి, స్ప్రింగులు పొడుగువి, చుట్టూ కింద నల్ల ప్లాస్టిక్ పట్టీ. అంతే. చెయ్యడానికయ్యే ఖర్చు కొంచెం పెరుగుతుంది, కొనేవాడు ఇచ్చేది చాలా పెరుగుతుంది. ఎందుకంటే వాడు కొనేది ఇనుము కాదు, ఎత్తు. పక్కింటాయన కారు నెత్తి మీంచి చూడ్డానికి డబ్బిస్తాడు. కొండలెక్కుతానంటాడు. తీరా ఎక్కేది మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్.

చిన్నకారుతో ఆ సుఖం లేదు. షోరూమువాడు రేడియో ఉచితం, కాళ్ళ కింద పట్టాలు ఉచితం అంటూ ఇచ్చాక కంపెనీకి మిగిలేది పలచన. పైగా కొత్త ప్రభుత్వం వచ్చాక బయటి దేశాల కార్ల మీద సుంకం ఏటేటా తగ్గిస్తోంది. ఇదివరకులా అడ్డుగోడ వెనకాల కూచుని ఏది చేస్తే అది అమ్ముకునే రోజులు పోయాయి. చిన్నకారు లైను సగానికి తగ్గించడమో, దాని పక్కనే ఈ జీపుబండి చెయ్యడమో తేల్చుకోవాల్సి వచ్చింది.

మరి అంత లాభమైతే ఆలోచన ఎందుకంటావా? అదే మాట నేను మా ప్లానింగ్ మేనేజరు డెరిక్‌ని క్యాంటీన్లో అడిగాను. ఆయనది ఇక్కడికి దగ్గర్లోని వెరులం ఊరు, వాళ్ళ అవ్వ తెలుగావిడే. ఆయనకొచ్చిన తెలుగు మాత్రం రెండే మాటలు, "ఒరే", "దొంగ". రెండూ నా మీదే వాడతాడు.

"ఒరే, పైతొడుగుకి కొత్త అచ్చులెవరిస్తారు, మీ మామగారా?" అన్నాడు. "అచ్చుల ఖర్చు ఒక్కో బండి మీదా పంచాలి. ఈ దేశంలో కొనేవాళ్ళు కొద్దిమంది. తక్కువ అమ్ముడైతే ఒక్కో బండి నెత్తిన పెద్ద మూట పడుతుంది."

"అయితే ఎక్కువ అమ్మండి."

"కొనేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? సగంమంది మన పెద్దకారు కొనాలనుకున్నవాళ్ళే ఇటు తిరుగుతారు. ఆ అమ్మకం పోయి ఈ అమ్మకం వస్తే గెలిచిందేమిటి? జనం నిజంగా మంచి ధర పెడితేనే ఇది గిట్టుతుంది. ఎంత పెడతారో వాళ్ళనే అడగాలి."

అడగడానికి వీళ్ళకో పద్ధతుంది. చేత్తో చేసిన నమూనా బండి ఒకటి తెచ్చి హాల్లో పెడతారు. కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు అంటిస్తారు. ఏడాదిలో కారు కొనే ఆలోచన ఉన్నవాళ్ళని పిలిచి, చుట్టూ తిప్పి, కూచోబెట్టి, "దీనికి ఎంతివ్వచ్చు?" అని చీటీ మీద రాయించి పెట్టెలో వేయిస్తారు. సెప్టెంబరులో చాట్స్‌వర్త్‌లో ఒక హాలు మాట్లాడారు. అరవై మంది కావాలి. మీ ఖర్వాస్తాన్ నుంచి ముప్పై మందిని తీసుకురా అని నాకు పురమాయించారు.

నీకిప్పటికే గుండె దడ మొదలై ఉంటుంది. మొదలైతే సబబే.

ఐవన్ అన్న, మేవిస్ అక్క, వాళ్ళ గుడివాళ్ళు, మొత్తం ముప్పై ఒక్కమందీ, వాళ్ళ వెంట నేనూ, రెండు ట్యాక్సీ వ్యాన్లలో బయల్దేరాం. దారిలో ఐవన్ అన్న ఒకటే గొణుగుడు. "ఊరికే ధర చెప్పడానికి శనివారం పాడు చెయ్యాలా తమ్మీ? మనకేంటి వచ్చేది?" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. మొహం గంభీరంగా పెట్టి, "ఎవరికీ చెప్పకన్నా. లాటరీ తీసి ముగ్గురికి, వాళ్ళు రాసిన ధరకే బండి ఇచ్చేస్తారు" అన్నాను.

ఎవరికీ చెప్పకంటే ఏమవుతుందో నీకు తెలుసు. హాలు చేరేసరికి రెండో వ్యానుకీ పాకింది, అదెలా పాకిందో దేవుడికే తెలియాలి. అందరూ మంచి బేరగాళ్ళు. గ్రే స్ట్రీట్‌లో చీర చూస్తే సగానికి అడగడం దగ్గర మొదలెట్టే జాతి. బండి చుట్టూ తిరుగుతూ లక్ష రాండ్లైనా పెట్టచ్చని లొట్టలేసిన ఐవన్ అన్న, చీటీ మీద యాభై రెండు వేలు రాశాడు.

"ఆ రెండెందుకన్నా?" అన్నాను.

"సిగ్గుకి" అన్నాడు.

మేవిస్ అక్క చీటీ చేత్తో మూసి రాసింది, కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేసింది. నిజం చెప్పేద్దామనే అనుకున్నాను వసూ. కానీ ముప్పైమంది పెద్దమనుషులు పరీక్ష హాల్లో కాపీ కొట్టే పిల్లల్లా ఒకళ్ళ చీటీ ఒకళ్ళు తొంగిచూస్తుంటే, ఇంకాసేపు చూద్దామనిపించింది. ఆ ఇంకాసేపట్లో చీటీలన్నీ పెట్టెలో పడ్డాయి. వచ్చేటప్పుడు వ్యాన్లో చెప్పాను. మేవిస్ అక్క గొడుగుతో కొట్టింది. అందరూ నవ్వారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రెండు వారాలకి నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. జీపుబండి ఆలోచన విరమించుకున్నాం, జనం గిట్టుబాటు ధర ఇచ్చేలా లేరు, చిన్నకారు లైను ఒక షిఫ్టుకి తగ్గిస్తున్నాం అని. కింద, తీసేసేవాళ్ళ పేర్లు. నాలుగో పేరు గిల్బర్ట్‌ది.

గిల్బర్ట్ నీకు తెలీదు. నా పక్క ప్రెస్సు మీద పని, ఉండేది నల్లవాళ్ళ పేట ఉమ్లాజీలో. నాతో సమానంగా వేళాకోళమాడే మనిషి, నా టీలో ఉప్పు కలిపిన ఒకే ఒక్కడు. ఆ రోజు బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "బ్రదర్, నువ్వు మనుషుల్ని తీసుకెళ్ళావు కదా. ఆ బండి వాళ్ళకి నిజంగా నచ్చలేదా?" అన్నాడు. పదిహేనేళ్ళు ఆ ప్రెస్సు మీద పనిచేశాడు. మొన్నమొన్నటిదాకా ఈ దేశంలో నల్లవాళ్ళని పెద్ద పనులు నేర్చుకోనివ్వలేదు. ఇప్పుడు నేర్చుకుని, సొంతంగా అచ్చు బిగించే వేళకి ఈ కాగితం. నేను "ఏమో" అన్నాను. అంత చిన్న మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

పోయిన ఉత్తరంలో "కంపెనీవాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు" అని నీకు రాశాను. అప్పటికే ఆలోచించడం అయిపోయింది. ఆ బండి వస్తే నాకు ఇంకో రెండేళ్ళు పని, మీకిద్దరికీ వీసా. దాన్ని చేతులారా పడగొట్టింది నేనేనని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆరు రోజులు చూశాను. ఏడో రోజు డెరిక్ గదికెళ్ళి అంతా చెప్పాను. ఆయన నవ్వుతాడేమోనని కాస్త నవ్వొచ్చేలా చెప్పాను. నవ్వలేదు.

"అరవైలో ఎన్ని చీటీలు మీవాళ్ళవి?" అన్నాడు.

"ముప్పై ఒకటి."

బీరువాలోంచి పెట్టె తీసి, నన్ను కూచోబెట్టి, మావాళ్ళవి విడిగా తీయించాడు. మిగతా ఇరవై తొమ్మిది చదువుకున్నాడు. ఐవన్ అన్న లొట్టలేసిన ధరకి అటూ ఇటూగా ఉన్నాయవి.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

"ఒరే" అన్నాడు.

పోయిన శనివారం పీటర్మారిట్జ్‌బర్గ్‌లో మళ్ళీ పెట్టారు. అందరూ కొత్త మనుషులు. నన్ను ఆ ఊరి ఛాయలకి రావద్దన్నారు. మొన్న గురువారం ఫలితం చెప్పారు. ధర బాగా పలికింది, అచ్చుల ఖర్చు పోను మిగులుతుంది, బండి చేస్తున్నారు. బోర్డు మీద పాత కాగితం తీసేశారు. గిల్బర్ట్ ఉంటున్నాడు. కొత్త అచ్చుల పని, నాకు రావలసింది, అతనికే ఇచ్చారు.

నా కాంట్రాక్టు డిసెంబరుతో సరి. డెరిక్ కోపంగా చెప్పలేదు. "నీ చేతిని నమ్ముతాను, నీ నోటిని నమ్మలేను. ఇది నమ్మకంతో నడిచే పని" అన్నాడు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: లాభమే. కంపెనీకి లాభం, గిల్బర్ట్‌కి లాభం. మనకి మాత్రం లేదు. రాజీనామా ఇవ్వద్దు.

ఫోను చెయ్యచ్చు కదా అంటావు. ఫోనున్నది మీ అన్నయ్య ఇంట్లో, అక్కడ పదిమంది చుట్టూ నిలబడి వింటుంటే నేనీ మాట చెప్పినా నువ్వు నవ్వి పెట్టేస్తావు. పెళ్ళైన దగ్గర్నుంచి నేను సంపాదించుకున్న పేరు అది. అందుకే ఇక్కడ ఆసుపత్రిలో పనిచేసే మన తెలుగాయన డాక్టరు వేణుగోపాలరావుగారు మంగళవారం విశాఖపట్నం వస్తుంటే ఆయన చేతికిచ్చి పంపిస్తున్నాను. దీంతోపాటు కాంట్రాక్టు డిసెంబరుతో సరని కంపెనీవాళ్ళిచ్చిన కాగితం కూడా పెట్టాను, ముద్ర ఉన్నది. ముందు దాన్ని చదువు, తరవాత నన్ను నమ్ము. తొందరపడి రాజీనామా ముందే ఇచ్చేసి ఉంటే, అదే కాగితం పట్టుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌గారికి చూపించి వెనక్కి తీసుకో. తప్పంతా నాదని చెప్పు. నిజంగానే నాది.

డిసెంబరు ఇరవై రెండున బొంబాయిలో దిగి, అక్కణ్ణుంచి రైలెక్కుతాను. వచ్చాక నువ్వు ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా ఊరుకుంటాను. మృదులకి మాత్రం నువ్వు చెప్పకు. జనవరిలో కొత్త బడి లేదని దానికి నేనే చెప్తాను, ఎదురుగా కూచుని, నవ్వించకుండా.

ఇట్లు,
నీ పెనిమిటి, మృదుల నాన్న
జోగారావు