బోర్లించిన కంచాలు

ఫిబ్రవరి 9

మరదలు దిగింది. వాళ్లక్కకి ఆయాసం ఎక్కువైందని ఫోన్‌లో ఒక్క ముక్క అన్నాను, అంతే. మర్నాటి బస్సుకే వచ్చేసింది. రెండు వారాలు ఉంటానంటోంది. సూట్‌కేసు చూస్తే రెండేళ్ల మాటలా ఉంది.

డ్రిల్లు టీచరుగా రిటైరై చాలాకాలమైనా మెడలో ఈల ఇంకా తియ్యలేదు. గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసి, "బావా, ఆ పొట్టకి బస్సులో విడిగా టికెట్టు తీస్తున్నారా?" అంది. కుశలప్రశ్నలు అయిపోయాయి.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం మరదలు బల్ల మీద కంచాలు పెట్టింది. వెనకే మా ఆవిడ వచ్చి ఒక్కొక్కటీ బోర్లించుకుంటూ పోయింది. మరదలు మళ్లీ తిప్పింది. మా ఆవిడ మళ్లీ బోర్లించింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. అక్కచెల్లెళ్ల యుద్ధాలు ఇలాగే ఉంటాయి.

చివరికి నేనే చెప్పాను. మా వీధిలో కంచం, గ్లాసు, గిన్నె, బక్కెట్టు, అన్నీ బోర్లానే ఉంటాయి. గరిటె కంచం మీదికి వచ్చాక, తినేవాడే కంచం తిప్పుకోవాలి. ముందే తిప్పితే బూడిద పడుతుంది. పవర్‌స్టేషన్‌లో బొగ్గు మండగా మిగిలిన బూడిదని నీళ్లతో కలిపి, పైపుల్లో మా వీధి వెనకున్న చెరువులోకి తోస్తారు. తడిగా ఉన్నంతసేపు బుద్ధిగా పడుకుంటుంది. ఎండిందా, గాలితో లేచి వస్తుంది. మొహానికి రాసుకునే పౌడరు దీని ముందు గులకరాయి.

ఆ తోసే సెక్షన్‌లోనే నేను ఉద్యోగం చేశాను. ఆ చెరువులో సగం నేను పంపిందే. ఊరికి పోస్ట్‌మాస్టరు ఎలాగో బూడిదకి నేను అలాగ.

ఫిబ్రవరి 11, పొద్దున్నే

నిన్న మరదలు స్టేషన్‌ని చెడామడా తిట్టింది. నేను తిట్టలేను. నాకు అక్షరాలు నేర్పింది అదే. బడికి వెళ్లనివాణ్ణి, గోడల మీది బోర్డులు చూసి చదువుకున్నాను. మొదట చదివిన మాట ‘ప్రమాదం’. రెండోది ‘ముట్టరాదు’. ఈ రెండు మాటలతో సంసారం మొదలుపెట్టిన మగాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంకా ఏం చెప్పను. సాయంత్రం డ్యూటీ దిగి మెట్ల మీద నిలబడితే కనుచూపుమేర దీపాలు వెలిగేవి. ఎక్కడో ఎవరో ఆపరేషన్ చేస్తుంటారు, ఎవరో పరీక్షకి చదువుతుంటారు, అందులో నా చెయ్యి కూడా ఉంది అనుకునేవాణ్ణి. స్టేషన్ పొగగొట్టం కిందనుంచి చూస్తే మెడ పట్టేసేది. మనుషులు కట్టారంటే నమ్మబుద్ధి కాదు. ఇప్పటికీ దాన్ని చూస్తే గర్వమే. మా ఆవిడ దగ్గు వింటే ఆ గర్వం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఎటో పోయాను. బ్రష్ చేసుకోవాలి.

ఫిబ్రవరి 20

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. ఊపిరి గొట్టాలు సన్నబడ్డాయట. ఇన్‌హేలర్ రాశాడు. మందు సగమే చేస్తుంది, ఆ దుమ్ము తగలకుండా ఉంటేనే మిగతా సగం అన్నాడు. ఇల్లు మారగలరా అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూసి, ఇంతకంటే మొగుణ్ణి మార్చమన్నా తేలికే డాక్టరుగారూ అంది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మరదలు నవ్వలేదు.

మార్చి 2

గాలి మొదలైంది.

మార్చి 5

మరదలు సాయంత్రాలు వీధిలో ముసలీ ముతకా అందర్నీ అరుగుల మీద కూర్చోబెట్టి ఊపిరి డ్రిల్లు చేయిస్తోంది. ఆఖర్న ఈల పోటీ. ఎవరు ఎక్కువసేపు ఊదితే వాళ్లు గొప్ప. ఒకరు ఊదాక వేణ్ణీళ్లలో కడిగి ఇంకొకరికి ఇస్తుంది. ఎదురింటి దర్జీ మీసం తడుపుకుని మరీ ఊదాడు, కోడిపిల్ల అరిచినట్టు వచ్చింది. నాది మరీ ఘోరం కాదు, పాత సైకిల్ హారన్ లాగా ఉందన్నారు.

మా ఆవిడ వంతు వచ్చింది. బుగ్గలు పూరించింది. ఈలలో గింజ కూడా కదల్లేదు. ఉత్త గాలి తుస్సుమంది. అందరూ నవ్వుతారేమోనని ముందు తనే నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, దర్జీ భార్య వీపు రాస్తే గానీ ఆగలేదు.

మరదలు ఈల మళ్లీ మెడలో వేసేసుకుంది. బావా, ఆ చెరువుని తడపాల్సింది ఎవరు అని అడిగింది.

మార్చి 6

తడపడానికి స్ప్రింక్లర్లు ఉన్నాయి. సక్రమంగా తిరిగితే చెరువు మీద ఇంద్రధనుస్సు పడేది. చలికాలంలో పంపు మోటారు కాలిపోయింది. అప్పటినుంచీ చెరువు ఎండుతోంది. గడ్డం ఇంజనీరుకి ఫోన్ చేశాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు సెక్షన్ అంతా అతని కింద ఉంది. ఫైలు పైకి వెళ్లింది గురువుగారూ అన్నాడు. పొగ కూడా పైకే వెళ్తుంది నాయనా, కాకపోతే మళ్లీ కిందికి వస్తుంది అన్నాను. పాపం, నవ్వడానికి కూడా భయపడ్డాడు.

మార్చి 12

మరదలు రోజూ స్టేషన్ ఆఫీసుకి పోతోంది. అరవదు. బోర్డులు పట్టుకోదు. పెద్దసారు గది ఎదురుగా బెంచీ మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటుంది. ఎవరైనా వంగి నడిస్తే భుజాలు సరిచేస్తుంది. ప్యూన్‌కి నడుంనొప్పి తగ్గిందట. అతనే వచ్చి నాతో చెప్పాడు. మీ మరదలుగారు రావడం మానేస్తే మళ్లీ పట్టుకుంటుందేమోనని దిగులుగా ఉందన్నాడు.

నేను ఆ ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేసి ఆ బెంచీ మీద ఒక్కసారీ కూర్చోలేదు. అది బయటివాళ్ల బెంచీ అనుకునేవాణ్ణి.

మార్చి 19

పెద్దసారు ఇక తట్టుకోలేకపోయాడు. కావాలంటే కాలుష్యం ఆఫీసుకి రాసుకోండి అన్నాడట, వదిలించుకుందామని. అప్పటికే రాశానండీ, వచ్చే వారం ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు, ఆ ముక్క మీకు చెబుదామనే రోజూ కూర్చున్నాను అందట.

ఈ మనిషి మా ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటోంది. ఇంత గుండె అంత చిన్న దుప్పటి కింద ఎలా పడుతుందో.

మార్చి 27, మధ్యాహ్నం

ఇవాళ మేం చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే మరదలు కాలుష్యం ఆఫీసు నుంచి వచ్చే ఆఫీసరమ్మని తీసుకురావడానికి బస్‌స్టాండుకి వెళ్లింది. ఆ కాసేపట్లో వీధికి పూనకం వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పెద్ద మనిషి మన ఇళ్లకి వస్తోంది, ఇంత దుమ్ములో కూర్చోబెడతామా అని దర్జీ భార్య చీపురు తీసింది. ఆమె తీసిందని పక్కామె. కిటికీలు, గుమ్మాలు, మొక్కల ఆకులు సహా తుడిచారు. నేను గొట్టం పట్టుకుని పైకప్పులు కడిగాను. మా ఆవిడ ఊపిరి అందక మధ్యమధ్య గోడ పట్టుకుని ఆగుతూ కూడా గడపలు తోమింది. బూడిద చూడ్డానికి వచ్చే మనిషి కోసం వీధి వీధంతా కలిసి బూడిద లేకుండా చేశాం.

అవతల స్టేషన్‌వాళ్లు నిన్ననే ట్యాంకర్లతో చెరువు తడిపేశారు. వాళ్లు భయంతో కడిగారు, మేం మర్యాదతో కడిగాం. గాలి కూడా ఆ పూటకి పెద్దమనిషిలా కూర్చుంది.

మరదలు ఆఫీసరమ్మతో వీధి మలుపు తిరిగింది. పెళ్లివారి ఇల్లులా మెరిసిపోతున్న వీధిని చూసింది. నన్ను చూసింది. నా చేతిలో గొట్టం ఉంది. ఆ చూపు గురించి రాయను.

ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకుని, తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్న మనిషి. కిటికీ చెక్క మీద వేలు రాసి చూసింది. ఏమీ అంటలేదు. చెరువు గట్టు చూసి వచ్చింది. తడిగానే ఉంది. కాగితం మీద ఏదో రాసుకుంటోంది. మరదలు ఎంత చెబుతున్నా, చూసిందే రాయగలనమ్మా అంటోంది. తప్పేం లేదు.

ఎండనపడి వచ్చింది, భోంచేసి వెళ్లమని మా ఆవిడ బతిమాలింది. ఆఫీసరమ్మ వద్దంటూనే బల్ల దాకా వచ్చి ఆగిపోయింది. కంచాలు బోర్లా ఉన్నాయి. పక్కన గ్లాసులు. గట్టు మీద గిన్నెలు, కింద బక్కెట్లు, గూట్లో టీకప్పులు. మంచినీళ్ల బిందె మీద మూత, మూత మీద గుడ్డ.

"అన్నీ ఎందుకు బోర్లించారు?" అని అడిగింది.

"అలవాటమ్మా," అంది మా ఆవిడ.

ఎప్పటినుంచి అంటే, కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అని చెప్పింది. మా ఆవిడకి అతిథి దొరికితే కబుర్లు ఆగవు. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్లో కంచం బొమ్మ వెయ్యమంటే తాబేలు వీపులా వేసిందట, టీచరు తప్పని కొట్టేస్తే ఇంటికి వచ్చి ఏడ్చిందట. దానికి కంచం అంటే అదేనమ్మా అని నవ్వబోయింది. ఊపిరి అందలేదు. కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయింది. మరదలు ఇన్‌హేలర్ నోటికి అందించింది.

ఆఫీసరమ్మ అలాగే నిలబడి చూసింది. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఎదురింటి దర్జీ ఇంట్లోకి వెళ్లింది. అక్కడా బోర్లానే. కుట్టుమిషను మీద రెండు గుడ్డలు, మనవరాలి ఉయ్యాల మీద తెర మీద తెర. ఆ పక్కింట్లోనూ అంతే. వీధి చివరిదాకా వెళ్లింది.

వచ్చాక రాసిన కాగితం మడిచి బ్యాగులో పెట్టేసింది.

"ఇది ఒక్క రోజులో వచ్చే అలవాటు కాదండీ," అంది మరదలితో. "ఒక్క రోజు చూసి రాస్తే తప్పవుతుంది."

ఇక్కడ రాయాల్సింది ఒకటుంది. చదువుకున్న మనిషి తను రాసింది తనే పక్కన పెట్టడం నేను మొదటిసారి చూశాను.

మార్చి 29

ఆఫీసరమ్మ మా పైకప్పు మీద ఒక డబ్బా పెట్టించింది. రోజంతా గాలి పీలుస్తుంది. లోపల తెల్ల కాగితం. ఇంట్లో ఊపిరి పీల్చేవాళ్లు ఒకరు పెరిగారు. వీధిలో ఎవరూ ఏదీ తుడవకూడదని మరదలి ఆర్డరు. దర్జీ భార్య చీపురు మా ఇంట్లో జప్తులో ఉంది.

ఏప్రిల్ 7

ఆఫీసరమ్మ డబ్బా తెరిచింది. పెట్టినప్పుడు తెల్లగా ఉన్న కాగితం పలక రంగులో వచ్చింది. కవర్లో పెట్టబోతుంటే మా ఆవిడ ఒకసారి చూస్తానంది. దగ్గరగా, వంట రుచి చూసినంత శ్రద్ధగా చూసింది.

"నా లోపల కూడా ఇలాగే ఉంటుందా అమ్మా?"

కాదని అబద్ధం చెప్పడం ఆఫీసరమ్మకి ఎంత తేలికో నాకు తెలుసు. చెప్పలేదు. మా ఆవిడ చెయ్యి మాత్రం కాసేపు పట్టుకుంది.

నేను మేడ దిగి చెరువు వైపు వెళ్లాను. పైపు ఇంకా తోస్తూనే ఉంది. నేను ఎంతో శ్రద్ధగా, ఎక్కడా లీకు లేకుండా పంపేవాణ్ణి.

ఏప్రిల్ 18

స్టేషన్‌కి నోటీసు వచ్చింది. మోటారు కూడా వచ్చింది. ఫైలు కిందికి దిగడానికి ఇంత తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో. గడ్డం ఇంజనీరు మోటారు బిగించే చోట నన్నూ నిలబెట్టాడు. స్విచ్ మీరే వెయ్యండి గురువుగారూ అన్నాడు. నేను మరదలిని ముందుకి తోశాను. ఆమె స్విచ్ వేసి, పాత అలవాటు కొద్దీ ఈల కూడా ఊదింది. నీళ్లు గట్టుకి అటూ ఇటూ లేచాయి. ఇంద్రధనుస్సు పడింది. గడ్డం తుడుచుకుంటున్నట్టు నటించి ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. ఎండిన వైపు గడ్డి కూడా నాటాలట, నోటీసులో ఉంది.

రెండు వారాలు ఎప్పుడో అయిపోయాయని మరదలికి గుర్తు చేశాను. గడ్డి మొలిచాక వెళ్తానంది. మొలవకపోతే బాగుండునని అనుకున్నాను. పైకి అనలేదు, పొట్ట గురించి ఇంకేం వినాల్సి వస్తుందో అని.

మే 21

డాక్టరు దాచకుండా చెప్పాడు. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, కాస్త పెంచుకోవచ్చు కూడా. మా ఆవిడ రోజూ డ్రిల్లుకి కూర్చుంటోంది. ఈల మాత్రం ముట్టుకోవడం లేదు. తన వంతు రాగానే పొయ్యి మీద ఏదో పెట్టానంటూ లోపలికి పోతోంది.

కంచాలు ఇంకా బోర్లానే. గాలి మారినా చెయ్యి మారదు.

జూన్ 14

గడ్డి మొలిచింది. మరదలు సూట్‌కేసు సర్దింది. ఈల కనిపించడం లేదని ఇల్లంతా వెతికింది.

జూన్ 15, సాయంత్రం

అరుగు మీద కూర్చుని ఉంటే పెరట్లోంచి ఈల వినిపించింది. పొడుగ్గా, గింజ గిరగిరా తిరుగుతూ. మరదలు ఊదుతోంది అనుకున్నాను.

మరదలు నా పక్కనే కూర్చుని ఉంది.