బొంత విప్పను

నిడదవోలు,
12-10-1997.

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ కర్ణాటకలో సింధనూరు రైతుల క్యాంపులో మీరూ, బావగారూ, అక్కా క్షేమమని తలుస్తాను. రాయాల్సిన మాట కాబట్టి రాశాను గానీ, మనసంతా మండిపోతోంది. మీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇవాళ ఆదివారం, ఇంకా కోపం దిగలేదు. ఇన్‌లాండ్ కవరు చాలదని తెల్లకాగితాలు తీసుకున్నాను. చేలో పనుందని సగం చదివి జేబులో పెట్టుకోకండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను వీధిలో అందరికీ పంచాం. వసారాలో కారుతున్న చోట పెంకులు మార్పించాం. నాకు ఎనిమిదో నెల వచ్చింది. ఐరన్ బిళ్ళలు మింగుతున్నాను, సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయి. మీరడిగిన వరసలోనే రాశాను చూసుకోండి. గేదె, పెంకులు, ఆ తర్వాత నేను.

ఇక నాలుగో సంగతి. "పాతగుడ్డల బొంత కోసం అమ్మతో గొడవేంటి? విప్పమంటే విప్పి పారెయ్యి. పుట్టినవాడికి నేను కొత్త దుప్పటి కొనుక్కొస్తాను" అని రాశారు. ఆ ముక్కని అత్తయ్య నాచేతే రెండుసార్లు చదివించుకున్నారు. "ఇప్పుడేమంటావే అమ్మాయ్? మావాడు చెప్తే వింటానన్నావుగా" అన్నారు. అన్నమాట నిజమే. మీరు ఎలా చెబితే అలా చేద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. కానీ సంగతేమిటో కనుక్కోకుండా అంత తేలిగ్గా తీర్పు చెప్పేస్తారని అనుకోలేదు. అయినా పురిటిబిడ్డకి ఇరవై ఒకటో రోజుదాకా కొత్తబట్ట తగలనివ్వరని, వాడిన మెత్తటి గుడ్డలే వేస్తారని మీకు తెలియదూ? కొత్త దుప్పటట!

ఆ బొంత ఎలా కుట్టానో వినండి. జాకెట్టుకి హుక్కులు కుట్టుకోవడం తప్ప నాకు సూదిపని రాదు. వారపత్రికలో బొమ్మ చూసి, పాత క్యాలెండరు అట్టని జానెడు చదరంగా కత్తిరించి, దాన్ని పెట్టి ముక్కలు కోశాను. అత్తయ్య నేతచీర, మా అమ్మ వంగపండు రంగు చీర, నేను కాలేజీకి కట్టిన ఓణీ. మొత్తం ఎనభై ముక్కలు. వాటన్నిటినీ కలిపి కుట్టేసరికి వేళ్ళు తూట్లు పడ్డాయి. అడుగున ఒక చీర పరిచి, మధ్యలో మీ పాత పంచెలు మూడు వేసి, పైన ఈ ముక్కల గుడ్డ కప్పి వరసలు కుట్టడం మొదలుపెట్టాను. నడిమధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి రావాలట. ఆ సంగతి తెలియక నేను నాలుగు అంచులూ ముందు బిగించేసి లోపలికి కుట్టుకుంటూ వచ్చాను. గుడ్డంతా మధ్యకి చేరి ఇంత ఎత్తున లేచింది.

పక్కింటి చిన్నమ్మాయిగారు చూసి, "ఏంటమ్మా వీరవేణీ, బొంత కుట్టావా, దిబ్బరొట్టి వేశావా?" అన్నారు. నాకూ నవ్వొచ్చింది, అత్తయ్యా నవ్వారు. నవ్వుతూనే పక్కన చతికిలబడి, "ఇలా తేవే. మధ్యలో నాలుగు వరసలు విప్పి సర్దితే అణిగిపోద్ది" అని సూది అందుకున్నారు. నేను చూసుకుంటాను, వద్దండీ అంటూనే ఉన్నాను. ఆవిడ చెయ్యి ఆగితేనా? రెండు వరసలు విప్పి లోపలికి వేలు పెట్టారు. అంతే, నవ్వు పోయింది. లేచి దొడ్లోకి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి, "ఇది ఇంట్లో ఉండటానికి వీల్లేదు. దీపావళి అమావాస్య లోపల విప్పి కాలవలో వదిలెయ్" అన్నారు. నేను విప్పనన్నాను. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా పొడిమాటలే. ఎదురింటి చినబాబు చేత మీకు రాయించిన ఉత్తరంలో కోడలు మొండికేసిందని మాత్రం చెప్పించారు. ఎందుకో చెప్పలేదు, ఆ మాట ఆ కుర్రాడి చేత రాయించడం ఆవిడకి ఇష్టం లేదు. నేనూ ఇంతవరకు మీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ మూడు పంచెల మధ్యన ఇంకో సగం పంచె ఉంది. జరీ అంచుది, మీదే. రెండేళ్ళ కిందట రాజమండ్రి ఆసుపత్రిలో అత్తయ్య తన చేతులతో దాన్ని రెండుగా చింపి మన పాపని పడుకోబెట్టారు. తన చింపు తనకి తెలియదా? పైగా దిష్టిచుక్క కాటుక అంటిన మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. పదకొండో రోజున ఒక సగంలో చుట్టి పాపని మా నాన్న తీసుకెళ్ళారు. రెండో సగాన్ని మిగతా గుడ్డలతో కలిపి ధవళేశ్వరం దగ్గర కాలవలో వదిలి రమ్మన్నారు మా అమ్మ. అన్నీ వదిలాను. ఇది మాత్రం పమిట కింద దాచుకుని తెచ్చుకున్నాను. అన్నీ వదిలేశానని అందరికీ అబద్ధం చెప్పాను, మీకు కూడా.

పోయిన పిల్ల గుడ్డ పుట్టబోయే పిల్లకి తగలకూడదంటారని నాకు తెలుసు. అత్తయ్య చెడ్డవారు కాదు, భయపడుతున్నారు. నేనూ భయపడుతున్నాను. కుట్టేటప్పుడు ఆ ముక్కని రెండుసార్లు తీసేశాను, రెండుసార్లూ మళ్ళీ పెట్టాను.

ఎందుకు పెట్టానంటారా? పోయిన నెల ఆసుపత్రిలో నర్సమ్మ "ఎన్నో కాన్పు?" అని అడిగితే అత్తయ్య "మొదటిదేనండి" అన్నారు. నర్సమ్మ కార్డు మీద ఒకటి అని వేసేసింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ రోజే ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి ఆ గుడ్డ తీశాను.

అత్తయ్య మీద కన్నా మీ మీదే నాకెక్కువ కోపం. బారసాలకి వస్తానన్నారు. బారసాల జరగనే లేదు, పిల్లకి పేరే లేదు. మీరొచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక్కరోజుండి, నాట్లున్నాయని బస్సెక్కారు. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల ఎలా ఉండేదని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అడిగారా? గేదెకి పెయ్యదూడో దున్నదూడో అడగడం మాత్రం మర్చిపోలేదు. సిగ్గు లేకపోతే సరి.

అడగకపోయినా చెబుతున్నాను. అచ్చం మీ ముక్కే. జుట్టు చెవుల మీదికి పడేది. వేలు అందిస్తే గట్టిగా పట్టుకుని నిద్రలో కూడా వదిలేది కాదు. ఏడిస్తే గడ్డం వణికేది. మీరు చూడలేదు కాబట్టి మీకు లేనట్టే అయిపోయింది. నేను చూశాను.

నిన్న ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళి కార్డు మీద ఒకటి కొట్టేయించి రెండు అని వేయించుకొచ్చాను. అత్తయ్యకి చూపించాను. చూసి, అన్నం పెట్టారు.

మీ మాట వింటానన్నాను, వింటాను. కానీ ఈసారి తెలిసి చెప్పండి. ఉంచమంటే అత్తయ్య పేరున ఉత్తరం రాయండి. విప్పమంటే మాత్రం ఉత్తరాలు వద్దు, మీరే రండి. కత్తెర నేనే ఇస్తాను. నా చేత్తో మాత్రం విప్పను. మీరే ఆ కుట్లు తెంపి, మీరే ఆ గుడ్డ బయటికి తీసి, కాలవగట్టు దాకా మీరే చేతుల్లో పెట్టుకుని వెళ్ళండి. నేను అడ్డు రాను. కూతుర్ని ఎలాగూ ఎత్తుకోలేదు, కనీసం ఆ గుడ్డనైనా ఎత్తుకుంటారు.

ఇట్లు,
మీ ఇద్దరు పిల్లల తల్లి,
వీరవేణి