నా తల ఊదారంగుకు మారిన వైనం

సౌభాగ్యవతియైన శ్రీమతికి ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమమే. నా తలను గురించి కోడలు నీకు ఫోనులో ఏమి చెప్పినా కంగారుపడవద్దు. జరిగినది ఇది.

మన మనవరాలు సెలూనుకు వెళ్ళక, ఇంట్లోనే జుట్టుకు బ్లీచింగు చేసుకొని, ఆపైన ఊదారంగు వేసుకోబోయినది. ఆ డబ్బాలోని సూచనలలో ఒక్క వాక్యానికీ సమాపకక్రియ లేదు. ఇక జుట్టు మాత్రం ఎలా కుదురుతుంది? బ్లీచింగు మచ్చలు మచ్చలుగా పట్టి, తల తుప్పుపట్టిన రేకువలె తయారైనది. ఫోను చేస్తే సెలూనువారు సరిచేస్తామన్నారు గాని, పిల్ల స్నానాలగదిలో చేరి గడియ వేసుకున్నది.

“వీధిలో అందరూ నన్నే చూస్తారు తాతయ్యా, నేను రాను!” అని లోపలినుంచి ఏడుపు.

“నిన్నెవరు చూస్తారే? ఆ ఊదారంగు తెచ్చి నా తలకు పుయ్యి. నాది తెల్లజుట్టేగా, బ్లీచింగు కూడా అక్కర్లేదు,” అన్నాను.

తలుపు తెరుచుకున్నది. గంటలో నా తల వంకాయవలె నిగనిగలాడినది. ఇద్దరమూ నడిచే వెళ్ళాము. దారిపొడవునా జనం నన్నే చూశారు. దానివంక చూసినవారు లేరు.

సెలూను అమ్మాయి దాని జుట్టును చక్కని కాఫీరంగుకు తెచ్చి, “మీది కూడా మార్చనా మాస్టారూ?” అన్నది.

“వద్దక్కా, మా తాతయ్యను ఇలాగే ఉంచు,” అన్నది మనవరాలు, నా చెయ్యి వదలకుండా.

ఉంచుకున్నాను.

నీ మోకాలి నొప్పి తగ్గినదా? నా గొడుగు ఎక్కడ పెట్టావు?

నిన్ను తీసుకొనిపోవడానికి ఆదివారం మన అమ్మాయి ఇంటికి వస్తున్నాను. ఈ కార్డును అక్కడ అందరి ఎదుట బిగ్గరగా చదివించు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మీ నవ్వులన్నీ అయిపోయి ఉండవలెను.