నాన్న నాడి

ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర

అక్కా,

నిన్న రాసిన సగం ఉత్తరం చించేశాను. మళ్ళీ మొదటి నుంచి, మర్యాదగా: ఇక్కడ అందరం క్షేమం, హాస్టల్లో నువ్వూ క్షేమమని తలుస్తాను. ఇందులో ‘అందరం’ అన్న ఒక్క మాటే అనుమానం.

అమ్మ పోరు పడలేక నాన్న చేయించుకున్న పరీక్షల రిపోర్టు గురువారం వచ్చింది. మనింట్లో ఇంగ్లిష్ కాగితం ఏదొచ్చినా చదవాల్సింది నేనేగా. లిఫ్టుల రిపేరు నుంచి అప్పుడే వచ్చిన నాన్న గ్రీజు చేతులు తుడుచుకుని, మార్కులు వినే పిల్లాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. కొలెస్ట్రాల్ మామూలుకన్నా తక్కువే ఉందని చదివాను. అమ్మ గరిటె పైకెత్తి, ఆర్నెల్లుగా చుక్క చుక్క నూనెతో వండింది ఎవరనుకున్నారు అంది. ఆ కూరలు నోరెత్తకుండా తిన్నవాడికివ్వాలి మెడల్ అన్నాడు నాన్న. ఇక నా గుండెకి ఢోకా లేదు, లిఫ్టు తాడుకన్నా గట్టిది అని కూడా అన్నాడు.

శుక్రవారం నాన్న రెండో అంతస్తు మెట్ల మీద ఆగాడు. చెప్పు తెగిందేమో అన్నట్టు వంగి చూసుకున్నాడు. చెప్పు తెగలేదు. సాయంత్రం వాచీ బెల్టు సరిచేస్తానని చెప్పి మణికట్టు పట్టుకున్నా. నాడి మూడుసార్లు కొట్టుకుంది, ఒకటి ఎగ్గొట్టింది, ఆ తర్వాత నాలుగు బస్సెక్కే జనంలా తోసుకొచ్చాయి. నిమిషం పాటు చూశా. మళ్ళీ ఇంకో నిమిషం. ఏంటే బుడంకాయ్, బెల్టు బిగిస్తున్నావా, నన్ను అరెస్టు చేస్తున్నావా అన్నాడు.

నిన్న బయాలజీ మిస్‌ని అడిగా, ఫ్రెండ్ వాళ్ళ తాతయ్యకని చెప్పి. కొలెస్ట్రాల్ తక్కువుంటే గుండె సరిగ్గా కొట్టుకుంటున్నట్టేనా అని. కాదన్నారు. కొవ్వు గొడవ రక్తనాళాలది, లయ గొడవ గుండెలోని కరెంటుది, ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టు కాదట. పైగా కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్ళలోనే లయ తప్పడం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించిందట, ఎందుకో ఇంకా తేలలేదట. ఆ తాతయ్యని ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమన్నారు. సరే మిస్ అని బ్యాగు సర్దుకున్నా.

రేపు పొద్దున నాన్నకి పన్నెండంతస్తుల బిల్డింగులో పని. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి చేయాలి. అక్కడ కళ్ళు తిరిగితే ఏమవుతుందో రాయను.

నువ్వు నర్సింగ్ చదువుతున్నావు, నీ మాటైతే వింటాడు. ఫోన్లో చెబుదామంటే ఫోను అమ్మ దగ్గరే ఉంటుంది. ఈ ఉత్తరం నీకు అందేసరికి బుధవారం అవుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు.

నీ చెల్లెలు,
బుడంకాయ

తా.క. రిపోర్టు రెండు పేజీలు. రెండోది ఈసీజీ. గుండె లయ సరిగ్గా లేదు, వెంటనే గుండె డాక్టర్ని కలవాలి, అప్పటిదాకా ఎత్తులో పని చేయకూడదు అని కింద డాక్టరు చేత్తో రాశారు. గురువారమే చదివా, మనసులో. అమ్మ గరిటెతో అలా నిలబడి నవ్వుతుంటే నోరు రాలేదు. కొలెస్ట్రాల్ అంత బాగున్నవాళ్ళకి ఇదెలా వస్తుంది, ఎవరిదో కాగితం కలిసిపోయుంటుంది అనుకున్నా. పైన నాన్న పేరే ఉంది. మడిచి అట్లాసులో పెట్టా.

తలుపు కొడుతున్నారు. నాన్నే. రేపటికి సంచి సర్దుకోవాలి, నా టార్చి ఏదే అంటున్నాడు.

ఉత్తరం దిండు కిందికి పోతోంది. అట్లాసు బయటికి తీశా.