పొట్టు రుద్దని చేయి

జూన్ 9, సోమవారం

పొద్దున చేవెళ్ల బస్సులో నా ముందు సీటులో కూర్చున్నామె చెవి వెనక సబ్బు నురగ తెల్లగా ఎండిపోయి ఉంది. చెప్పాలనుకున్నాను. మొయినాబాద్ వచ్చేదాకా చెప్పలేకపోయాను.

ల్యాబ్ జంతువుల సంరక్షణ ట్రైనింగ్‌లో ఇది రెండో వారం. నాకు జోడీగా కనకమామిడి నుంచి వచ్చే నవతను వేశారు. ఇవాళ ఎలుకల గది. పిల్లలు పెట్టిన ఎలుక గూటిలో చెయ్యి పెట్టేముందు ఆ గూటిలోని రంపపు పొట్టునే గ్లోవ్స్‌కు రుద్దుకోవాలని ఆనంద్ బాబు సార్ చేసి చూపించారు. కొత్త వాసన తగిలితే తల్లి ఒక్కోసారి పిల్లల్ని తినేస్తుందట. మా బర్రె నయం సార్, తంతది గని తినది అంది నవత. సార్ కూడా నవ్వారు. నేను రూల్ రాసుకున్నాను.

జూన్ 11

నవత వాళ్ల బాపు ఆమెను పంపనన్నాడట. డిగ్రీ తప్పి ఎలుకల చాకిరి చేస్తవా, ఇంట్ల కూసో అన్నాడట. బువ్వ మానేసి కొట్లాడి వచ్చిన, గీ సర్టిఫికెట్ రాకుంటే మల్ల గడప దాటనియ్యడు అని చెప్తూనే తన పచ్చిపులుసు నా అన్నంలో పోసింది. నా గురించి అడిగింది. ఏదో చెప్పాను. గింత మెల్లగ మాట్లాడితె ఎలుకలకన్న ఇనవడ్తదానే లిదియా అంది.

జూన్ 16, సోమవారం. సాయంత్రం

తలనొప్పి. కణతలకు బామ్ రాసుకుని వెళ్లాను. కేజ్ మార్చే సమయానికి ఒక పిల్ల గూటి బయట పడి ఉంది. వేలి కొసంత. గులాబీ రంగు. కళ్లు ఇంకా తెరవలేదు. చల్లబడిపోతుందేమోనని భయం వేసి ఎత్తి లోపల పెట్టేశాను. పొట్టు రుద్దుకోలేదు. అంతకుముందే అదే గ్లోవ్‌తో కణత నొక్కుకున్నాను కూడా.

రూల్ నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

జూన్ 17

పిల్లలు లేవు. పొట్టులో ఒక తోక ముక్క ఉంది.

నిన్న నవత ఏదో ఫంక్షన్ నుంచి నేరుగా వచ్చింది. ఒంటి మీద స్ప్రే. సార్‌కు అదే గుర్తుంది. ఎలుకల గదికి వచ్చినవా, పెండ్లికి వచ్చినవా అని అరిచారు. గూట్లో చెయ్యి పెట్టింది నువ్వే కదా అన్నారు. కాదు సార్ అంది నవత, ఒక్కసారి. తర్వాత ఏమీ అనలేదు. సార్ నన్ను అడగనే లేదు. కాన్వెంట్ల చదివిన పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తది, ఈమెను చూసి నేర్చుకో అన్నారు.

నేను నేల చూశాను.

రేపటినుంచి రావద్దన్నారు. నవత ఆప్రన్ విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది.

జూన్ 18

చెప్పలేదు.

జూన్ 22, ఆదివారం

చర్చిలో పాపాల ఒప్పుకోలు ప్రార్థన అందరితో కలిసి చదివాను. గట్టిగానే చదివాను. ఇయ్యాల నీ గొంతు ఇనవడ్డది బిడ్డా అని అమ్మ మురిసిపోయింది.

జూన్ 26

చేవెళ్ల బస్టాండ్‌లో నవత. పక్కన వాళ్ల బాపు, కాళ్ల దగ్గర ఖాళీ కూరగాయల సంచులు. ఈమెనా నీ దోస్తు అని ఆయన నవతను అడిగి నా వైపు తిరిగాడు. నువ్వన్న జర మంచిగ నేర్చుకో బిడ్డా, మాది ఎలుకలను గూడ సాకలేక వచ్చింది, ఇగ మార్కెట్ల సంచులు మోస్తది అని నవ్వాడు. నవత నవ్వలేదు. తల్లి ఎలుక ఎట్లున్నదే అని అడిగింది.

బాగానే తింటోంది అన్నాను. ఆ మాట అనేశాక అక్కడ నిలబడలేక బస్సెక్కాను. అది నేనెక్కాల్సింది కాదు, శంకర్‌పల్లి బస్సు.

జూన్ 27

సార్‌కు చెప్పాను. బామ్, గ్లోవ్, పిల్ల, అన్నీ.

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నవత సీటు ఎంకపల్లి నుంచి వచ్చే ఒకామెకు ఇచ్చేసినమమ్మా, సోమవారం వస్తది అన్నారు. నన్ను తీసేయమన్నాను. నువ్వు పోతే మాత్రం ఆ సీటు నవతకు వస్తదా, అన్నిటికీ మనుషులు లైన్ల ఉన్నరు అన్నారు. తర్వాత, ఇట్ల ఒప్పుకునేటోళ్లు ఎంతమంది ఉంటరు, శభాష్ అన్నారు. పోయి పని చూసుకొమ్మన్నారు.

వెళ్లి పని చూసుకున్నాను.

జూన్ 28

నేను ఆ పిల్లను ఎత్తినప్పుడు కేజ్ మూత పట్టుకుని నిలబడింది నవతే.